కొతోహిరాలోని కనమారుజా నాటకశాల: విప్పడం, అతకడం, మళ్లీ నిలబెట్టడం

నేర్చుకుంటున్నవాడు

జపాన్‌లో షికోకు దీవి మీద, కగావా ప్రాంతంలో కొతోహిరా అనే ఊరుంది. అక్కడి కనమారుజా 1835లో కట్టిన కబుకీ (జపాన్ సంప్రదాయ నాటకం) శాల. ఆ దేశంలో పూర్తి రూపంతో మిగిలిన కబుకీ శాలల్లో ఇదే అన్నిటికంటే పాతది. 1970లో ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. 1972 నుంచి 1976 దాకా మొత్తం విప్పి, ఊళ్లోంచి కొండ పక్కకి తెచ్చి మళ్లీ కట్టారు. 2003లో ఇంకో పెద్ద మరమ్మతు జరిగింది.

వడ్రంగం తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. అంత పెద్ద కొయ్య కట్టడాన్ని విప్పితే ఏ ముక్క ఎక్కడిదో ఎలా గుర్తుంటుంది? అడుగు కుళ్లిన స్తంభాన్ని మొత్తం మారుస్తారా? చేత్తో తిప్పే గుండ్రటి వేదిక మరమ్మతులో దేన్ని జాగ్రత్తగా చూసుకోవాలి?

పాతమిద్దె

మొదటి ప్రశ్నకి నేను చెప్తాను.

విప్పేముందు కట్టడం మొత్తాన్నీ కప్పేలా తాత్కాలిక షెడ్డు వేస్తారు. పెంకు తీశాక వాన పడితే రెండు వందల ఏళ్లు ఎండిన కొయ్య ఒక్క వారంలో పాడవుతుంది, అందుకని షెడ్డు లేకుండా ఒక్క పెంకు కూడా కదపరు. తర్వాత కొలతలు. అడ్డ వరసలకి ఒక క్రమం, నిలువు వరసలకి ఇంకో క్రమం పెట్టుకుని, ప్రతి స్తంభానికీ ఆ రెండూ కలిసిన పేరు ఇస్తారు. ఆ పేరు రాసిన చిన్న చెక్క బిళ్లని ముక్క మీద కొడతారు. దీన్ని బన్‌జుకె అంటారు. బిళ్ల ఎప్పుడూ ఒకే దిక్కు ముఖానికే ఉండాలి. అప్పుడు ముక్క గోడౌన్లో ఎలా పడి ఉన్నా, అది నిలబడినప్పుడు ఏ ముఖం ఎటు చూసిందో బిళ్లే చెప్తుంది. పాత వడ్రంగులు సిరాతో రాసిన గుర్తులు కుసుల మీద, అంటే బెజ్జాల్లో దూరే కొసల మీద, దొరుకుతూనే ఉంటాయి. వాటిని చెరపకూడదు, వాటి మీద కొత్తవి రాయకూడదు.

విప్పే వరస కట్టిన వరసకి తలకిందులు. పెంకులు, వాటి కింది మట్టి, పలకలు, వాసాలు, వాసాలు మోసే అడ్డకర్రలు, పొట్టి స్తంభాలు, దూలాలు. ఆ తర్వాత నుకిలు, అంటే స్తంభాల గుండా దూసుకుపోయే అడ్డపట్టీలు. నుకి బెజ్జంలో ఒక పక్క ఏటవాలు చీల బిగించి ఉంటుంది. ఆ చీల ఊడదీస్తేనే పట్టీ వదులవుతుంది. తొందరపడి పట్టీని కొడతితో కొట్టారా, బెజ్జం అంచు పగులుతుంది. పగిలిన బెజ్జం ఉన్న స్తంభానికి ఇక బలం ఉండదు.

ఈ దశలోనే అసలు విషయాలు బయటపడతాయి. మూసేసిన బెజ్జాలు, వాడని మేకు రంధ్రాలు, పక్కదానికంటే తక్కువ నల్లబడ్డ చారలు, ఇవన్నీ ఒకప్పుడు అక్కడ ఏదో ఉండేదని చెప్పే జాడలు. కనమారుజాలో హాలు పైకప్పు కింది వెదురు పందిరి, నటుణ్ని గాల్లో నడిపించే కొయ్య పట్టాలు 2003లో తిరిగి వచ్చాయంటే ఇలాంటి జాడలు చదవగలిగినవాళ్లు ఉండబట్టే.

ఉలిదెబ్బ

స్తంభం మొత్తం మార్చరండీ. కుళ్లినంత మేర కోసి కొత్త కొయ్య అతుకుతారు. దాన్ని నెత్సుగి అంటారు, వేరు దగ్గర అతుకు అని అర్థం. ఈ పని మొత్తంలో చేతి నైపుణ్యం ఎక్కువగా కనిపించేది ఇక్కడే, కొంచెం వివరంగా రాస్తాను.

ముందు కుళ్లు ఎంత ఎత్తు ఎక్కిందో తేలాలి. చిన్న సుత్తితో కింది నుంచి పైకి తడుతూ పోతే బోలుగా పలికే చోటు, గట్టిగా పలికే చోటు తేడా చెవికి తెలుస్తుంది. అనుమానం ఉన్నచోట సన్నటి ఆరెతో గుచ్చి చూస్తారు. పైకి కనిపించేదానికంటే లోపలి కుళ్లు తరచు ఎత్తుగా ఉంటుంది కాబట్టి, గట్టి కొయ్య మొదలైన చోటికి ఇంకొంచెం పైన గీత గీస్తారు. అలాగని అవసరానికి మించి కోయకూడదు. పాత కొయ్య ఒక్క అంగుళం మిగిలినా అది 1835 నాటి అంగుళం.

అతుకుల్లో ఎక్కువగా వాడేది కనవత్సుగి. పైముక్కా కిందిముక్కా ఒకే ఆకారంలో ఉంటాయి. ఏటవాలు ముఖం, మధ్యలో ఒక మెట్టు, కొసన చిన్న నాలుక, మొదట్లో ఎదుటి నాలుక కూర్చునే గాడి. అతుకు పొడవు మామూలుగా స్తంభం మందానికి రెండున్నర నుంచి మూడు రెట్లు. ఆరు అంగుళాల స్తంభమైతే అడుగున్నర దాకా అన్నమాట.

దీని గొప్ప ఏమిటంటే, పైన కప్పు అలాగే ఉండగా అతకొచ్చు. స్తంభాన్ని జాకీతో నాలుక లోతు కంటే కాస్త ఎక్కువ ఎత్తితే చాలు. కొత్త ముక్కని పక్క నుంచి జరిపి ముఖానికి ముఖం ఆనిస్తారు. తర్వాత స్తంభాన్ని నెమ్మదిగా దించితే నాలుకలు గాడుల్లోకి దిగుతాయి, మధ్య మెట్ల దగ్గర చదరంగా ఒక సందు తెరుచుకుంటుంది. ఆ సందులోకి ఎదురెదురు పక్కల నుంచి రెండు ఏటవాలు ఓక్ చీలలు దిగ్గొడతారు. చీల లోపలికి పోయేకొద్దీ రెండు ముక్కలూ ఒకదాని గాడిలోకి ఇంకొకటి నెట్టుకుంటాయి. ఇక లాగినా రావు, మెలిపెట్టినా కదలవు. జిగురు లేదు, మేకు లేదు. చీలలు వెనక్కి కొడితే మళ్లీ విడిపోతుంది.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: చీల మరీ మందంగా చేస్తే మెట్టు మూల నుంచి కొయ్య పొడవునా చీలుతుంది. ముఖాల మధ్య కాగితమంత ఖాళీ ఉన్నా బరువంతా నాలుక మీద పడి అది నలుగుతుంది. అందుకే ముఖానికి సిరా పూసి జతచేసి, విడదీసి, మరక అంటిన చోటు మాత్రమే ఉలితో సన్నగా తీస్తారు. ఇలా పదిసార్లు చేసినా విసుక్కోకూడదు. బయటి స్తంభమైతే అతుకు గీత వాన కొట్టే ముఖానికి రాకుండా తిప్పుకోవాలి.

ఇంకొకటి, కొత్త ముక్క అడుగు. పాత శాలల్లో చాలా స్తంభాలు చెక్కని రాయి మీద నేరుగా కూర్చుంటాయి. రాయి ఎత్తుపల్లాలకి తగ్గట్టు స్తంభం అడుగునే చెక్కుతారు, దీన్ని హికారిత్సుకె అంటారు. స్తంభాన్ని గుండుసూత్రం పట్టి నిలువుగా నిలబెట్టి, కైవారం (కంపాసు) ఒక కాలు రాయి మీద, ఇంకో కాలు కొయ్య మీద పెట్టి చుట్టూ తిప్పితే రాయి అంచు కొయ్య మీద గీతగా దిగుతుంది. ఆ గీత దాకా ఉలితో తీసి, మధ్యభాగాన్ని మాత్రం పిసరంత లోతుగా వదులుతారు. అంచు మొత్తం రాయిని పట్టాలి, మధ్య ఆనకూడదు. మధ్య ఆనితే స్తంభం బొంగరంలా ఊగుతుంది.

చేవకర్ర

ఉలిదెబ్బ గారు చెప్పినదానికి కలప సంగతి కలుపుతాను, ఎందుకంటే అతుకు ఎంత బాగున్నా కొయ్య తప్పైతే మూడేళ్లలో నోరు తెరుస్తుంది.

పాత ముక్క ఏ జాతిదైతే కొత్తదీ అదే జాతిది. జపాన్‌లో స్తంభాలకి, వేదిక పలకలకి హినోకి (జపాన్ సైప్రస్), పలకలకీ తేలిక పనులకీ సుగి (జపాన్ సీడర్), దూలాలకి పైన్, గట్టితనం కావాల్సిన చోట కెయాకి (జపాన్ జెల్కోవా), చీలలకి ఓక్. జాతి ఒకటైతే చాలదు, కొయ్యలోని పెరుగుదల వలయాల దట్టత కూడా దగ్గరగా ఉండాలి. తోటలో తొందరగా పెరిగిన చెట్టు వలయాలు వెడల్పుగా ఉంటాయి. దాన్ని నెమ్మదిగా పెరిగిన పాత కొయ్యకి జతచేస్తే రెండూ రెండు రకాలుగా కుంచించుకుంటాయి. కొయ్య వలయాల వెంట కుంచించుకునేది, కేంద్రం నుంచి బయటికి కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. కాబట్టి అతుకులో కొత్త ముక్క వలయాల దిశ పాతదాని దిశతో కలిసేలా తిప్పి పెట్టాలి. చెట్టు మొదలు వైపు కిందికే ఉండాలి. అడుగున చేవ ఉండాలి. తెల్ల చెక్క ఒక్క వేలెడు మిగిలినా చెమ్మకి మొదట పోయేది అదే.

చీల మాత్రం స్తంభం కంటే బాగా ఎండి ఉండాలి. ఎండిన చీల గాలిలో తేమ తాగి ఉబ్బి బిగుస్తుంది. పచ్చి చీల ఎండి వదులై రాలిపోతుంది. కుసి విషయంలోనూ ఇదే సూత్రంతో ఒక పద్ధతి ఉంది, కిగొరొషి, అంటే కొయ్యని చంపడం. కుసిని బెజ్జం కంటే వెంట్రుకవాసి లావుగా ఉంచి, దూర్చేముందు సుత్తి గుండ్రటి ముఖంతో నాలుగు వైపులా అణిచికొడతారు. అణిగిన కుసి తేలిగ్గా దూరుతుంది, లోపల తేమ తగిలి మళ్లీ ఉబ్బి గోడల్ని పట్టేస్తుంది. గట్టిగా కొడితే నార తెగిపోతుంది, అలా తెగినది ఇక ఉబ్బదు.

ఇంత పెద్ద కొలతల పాతకాలపు కలప ఇప్పుడు దొరకడమే కష్టం. అందుకే జపాన్ సాంస్కృతిక శాఖ 2006 నుంచి ఈ మరమ్మతుల కోసమే అడవుల్ని గుర్తించి పెంచుతోంది.

సైటింజనీరు

ఇన్ని తిప్పలు ఎందుకో నిజంగా అర్థం కాక అడుగుతున్నాను. కుళ్లిన భాగం తీసి ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) నింపి, రెండు ఉక్కు ప్లేట్లు బోల్టు చేస్తే ఒక్క రోజు పని. బలం లెక్క కూడా కాగితం మీద పక్కాగా వస్తుంది. నాటకశాల అంటే వందలమంది కూర్చునే చోటు. భూకంపాల దేశం. సంప్రదాయం పేరుతో జనం ప్రాణాలు పణం పెట్టొచ్చా?

పాతమిద్దె

సరైన ప్రశ్న. జపాన్ వాళ్లు ఉక్కు ముట్టుకోరని ఎవరూ అనలేదు. కనమారుజాలోనే 2003లో పైన ఉక్కుతో బలపరిచి, హాల్లో చూపుకి అడ్డొచ్చే స్తంభాలని తీసేశారు. తర్వాత భూకంప రక్షణ పనులు మళ్లీ చేశారు. ఆ పనులూ కరోనా కలిసి అక్కడి వసంతకాలపు కబుకీ ప్రదర్శనలు ఆగిపోయి, అయిదేళ్ల విరామం తర్వాత 2024 ఏప్రిల్‌లో మళ్లీ మొదలయ్యాయి.

నాటకశాలకి భూకంపం ఎందుకు ప్రమాదమో చూడండి. గుడికైనా ఇంటికైనా లోపల గోడలుంటాయి. ఇక్కడ హాలు మొత్తం ఖాళీ. వేదిక వైపు గోడే లేదు, పెద్ద నోరు. మిగతా మూడు వైపుల గోడలున్నాయి. అంటే బలం ఒక పక్కకి ఒరిగి ఉంది, ఊపు వచ్చినప్పుడు కట్టడం మెలితిరుగుతుంది. పైన పెంకు, దాని కింద మట్టి, అంత బరువు. దూలం పైన్ దుంగ, గోడ నుంచి గోడకి. ఈ మెలిని నుకి పట్టీలొక్కటే ఆపలేవు. అందుకని కప్పు లోపల, చూపు పడని చోట ఉక్కు.

తేడా ఎక్కడంటే, ఆ ఉక్కు పాత కొయ్యని తినకూడదు. పక్కన నిలబడి బరువు పంచుకోవాలి, రేపు అక్కర్లేదంటే విప్పి తీసేయగలగాలి. మీరు చెప్పిన ప్లేట్లకి స్తంభంలో రంధ్రాలు వేయాలి. చలికాలంలో చల్లబడ్డ ఉక్కు మీద తేమ పట్టి, ఆ తేమ రంధ్రంలోంచి కొయ్యలోకి దిగుతుంది. ఎపాక్సీ వంద శాతం తప్పు కాదు. లోపల డొల్లయిన, బయట చెక్కడం పని ఉన్న ముక్కని కాపాడటానికి జపాన్‌లో రెసిన్ వాడతారు. కానీ బరువు మోసే స్తంభం అడుగున నింపితే కొయ్యకీ రెసిన్‌కీ మధ్య నీరు చేరి, పైన ఉన్న గట్టి కొయ్య కుళ్లడం మొదలవుతుంది. అప్పుడు మళ్లీ కోయాలంటే ఇంకో రెండడుగులు పోతాయి. కొయ్య అతుకు పాడైతే ఆ అతుకొక్కటే పోతుంది.

సైటింజనీరు

మెలితిరిగే సంగతి నేను ఆలోచించలేదు. అర్థమైంది, ధన్యవాదాలు.

రంగపీఠం

ఇక తిరిగే వేదిక. మవారి-బుతాయి అంటారు. 1758లో ఒసాకాలో నాటకకర్త నమికి షోజో చేసిన ఏర్పాటుతో ఇది కబుకీలో స్థిరపడింది. కనమారుజాలో దాని వ్యాసం సుమారు 7.3 మీటర్లు. వేదిక కింద నరకు అనే చీకటి నేలమాళిగ ఉంటుంది, ఆ మాటకి నరకమనే అర్థం. మన సంస్కృత పదమే బౌద్ధంతో పాటు అక్కడికి చేరింది. ఆ మాళిగలో నలుగురు మనుషులు దుడ్డుకర్రల్ని భుజంతో నెడుతూ వేదికని తిప్పుతారు. పాదాలు జారకుండా నేలలో రాళ్లు పాతి ఉంటాయి.

జపాన్‌లోనే యమగా ఊళ్లోని యచియోజా అనే నాటకశాల 1910 నాటిది, అక్కడ వ్యాసం సుమారు 8.5 మీటర్లు. కింద జర్మనీ క్రుప్ కంపెనీ పట్టాలు, వాటి మీద చక్రాలు. రెండిటికీ మధ్య 75 ఏళ్ల తేడా అక్కడ కనిపిస్తుంది.

మరమ్మతులో మొదట చూడాల్సింది నడిమి ఇరుసు నిలువుగా ఉందా లేదా. ఇరుసు కింది రాయి ఒక పక్కకి కుంగితే వేదిక పళ్లెం ఒరుగుతుంది, ఎత్తయిన అంచు చుట్టూ ఉన్న నేలని రాస్తుంది. రాస్తున్న చోట పలక అంచు చిత్రిక పట్టి వదిలేస్తే ఆ రోజుకి తిరుగుతుంది, మరుసటి ఏడు ఇంకో చోట రాస్తుంది. కాబట్టి అంచు ముట్టుకోకముందు కింద ఇరుసు చూడాలి.

అంచు సందు ఎంత ఉంచాలన్నది వాన కాలాన్ని బట్టి ఉంటుంది. జూన్ వానల్లో హినోకి పలకలు ఉబ్బుతాయి. చలికాలంలో బిగుతుగా అమర్చిన పళ్లెం జూన్‌లో ఇరుక్కుంటుంది. మరీ వదులుగా ఉంచితే నటుడి తాబి మేజోడు బొటనవేలు చిక్కుతుంది. పలకల వరస ఇంకో చిక్కు. పళ్లెం మొదటి చోటికి వచ్చి ఆగినప్పుడు దాని పలకల గీతలు బయటి నేల గీతలతో ఒకే సూటిలో కలవాలి, లేకపోతే ముందు వరసలో కూర్చున్నవాళ్లకి గుండ్రటి అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని పలకలు పరిచేటప్పుడు లోపలా బయటా విడివిడిగా పరచరు. పళ్లెం కదలకుండా ఆపి, ఒక్క నేలలా అడ్డంగా పరిచి, ఆ తర్వాత గుండ్రంగా కోస్తారు.

పైన ఉన్న వెదురు పందిరి పేరు బుదోదన, ద్రాక్ష పందిరి. వెదుళ్లు గళ్లుగా పేర్చి గడ్డి తాళ్లతో కడతారు. మనుషులు దాని మీద నడుస్తూ హాలు మొత్తం మీద కాగితపు పూరేకులు, మంచు రాలుస్తారు. కొట్టిన వెదురు ఎండేకొద్దీ సన్నబడి ముడి వదులవుతుంది, కాబట్టి మొదటి ఏడాది ముడులు మళ్లీ బిగించాలి. వెదురు శీతాకాలంలో నరికినదై ఉండాలి. ఎండాకాలపు వెదురులో పిండి పదార్థం ఎక్కువ, పురుగు తొలుస్తుంది.

ఉలిదెబ్బ

రంగపీఠం గారు, పలకలు పరిచి తర్వాత కోయడం కొత్త నేలకి సరిపోతుంది. పాత పలకలు సగం మిగిలి ఉంటే అలా కుదరదు. అప్పుడు బయటి నేలలోని పాత పలకల వెడల్పులు ఒక్కొక్కటీ కొలిచి, పళ్లెం మీది కొత్త పలక ప్రతిదాన్నీ దాని ఎదుటి పలక వెడల్పుకే చీల్చాలి. పాత పలకలు అన్నీ ఒకే వెడల్పు ఉండవు కదా.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జపాన్ షాకు 303 మిల్లీమీటర్లు, మన అడుగు 304.8. దగ్గరే కదా అని అడుగు టేపుతో కొలిస్తే ముప్పై షాకుల దూలానికి అయిదు సెంటీమీటర్లు తేడా వస్తుంది. కుసి బెజ్జానికి సరిపడదు. పైగా దుంగ దూలాలకి చదునైన ముఖమే ఉండదు. అందుకే సిరాకుండలోంచి తీసిన దారంతో దుంగ నడిమి గీత కొట్టి, ప్రతి కొలతా ఆ గీత నుంచే తీసుకుంటారు. తొక్క వైపు నుంచి కొలిచినవాడి పని ఎప్పుడూ కలవదు. పైన్ దుంగకి సహజంగా వంపు ఉంటే, ఆ వంపు పైకి ఉండేలా పెడతారు. బరువుకి కుంగినా చదును దాకానే వస్తుంది.

రంగపీఠం

నిజమే, నేను కొత్త నేలనే మనసులో పెట్టుకుని రాశాను. పాత పలకలున్నచోట మీరన్నదే సరైన పద్ధతి.

నేర్చుకుంటున్నవాడు

కనవత్సుగి టేకు మీద సాధన చేయొచ్చా? హినోకి ఇక్కడ దొరకదు. ఇంకో సందేహం, వందేళ్ల తర్వాత ఎవరైనా విప్పితే ఏది పాతదో, ఏది మనం పెట్టిందో ఎలా తెలుస్తుంది?

ఉలిదెబ్బ

టేకు మీద చేయొచ్చు, కానీ మొదటిసారికి వద్దు. టేకులో ఉండే సన్న ఇసుకలాంటి పదార్థం ఉలి పదును తొందరగా తినేస్తుంది. మొద్దు ఉలితో ముఖం చదును రాదు, తప్పు చేతిదా ఉలిదా తెలియదు. నాలుగు అంగుళాల దేవదారు ముక్కలు రెండు తీసుకుని, పన్నెండు అంగుళాల అతుకు గీయండి. నాలుక లోతు అర అంగుళం చాలు. రంపం గీతకి బయటే కోసి, గీత దాకా ఉలితో రండి. చీలకి తుమ్మ బాగుంటుంది, బాగా ఎండినది.

పాతమిద్దె

రెండోదానికి: కొత్తగా పెట్టిన ప్రతి ముక్క మీదా మరమ్మతు జరిగిన ఏడు ఇనప ముద్రతో కాల్చి వేస్తారు. ప్రేక్షకులకి కనిపించే ముఖం మీద వేయరు. కుసి పక్కన గానీ, దూలం పై ముఖం మీద గానీ, విప్పితే తప్ప కనపడని చోట ఉంటుంది. సిరా అయితే తేమకి చెదురుతుంది, బిళ్ల అయితే ఊడిపోతుంది. కాల్చిన ముద్ర పైపొర చిత్రిక పట్టినా లోపల మిగులుతుంది. మీరు చేసే సాధన ముక్కలకి కూడా తారీఖు వేసి ఉంచుకోండి, ఆరు నెలలకి చీల ఎంత వదులైందో చూసుకోవడానికి పనికొస్తుంది.